కాలువలో కూర్చున్న రాజు

రాళ్లకొండల దేశంలో ఒకే ఒక్క ఊట ఉండేది. ఆ నీళ్లు ఒక కాలువలో దిగివచ్చేవి. ఒక ముసలివాడు మడవలు తిప్పుతూ వాటిని వంతులవారీగా చేలకు పెట్టేవాడు.

ఒకరోజు రాజుకు కోటలో కొలను నింపి అందులో తన కిరీటాన్ని చూసుకోవాలని బుద్ధి పుట్టింది. మడవలన్నీ మూసి నీళ్లు కోటకే పంపమన్నాడు. పదిరోజులకు ముసలివాడి ఉల్లిమడి వాడిపోయింది. అతని ఏడాది గ్రాసం ఆ మడిలోనే ఉంది.

మొరపెట్టుకుందామని కోటకు వెళ్తే అక్కడ వేరే గొడవ నడుస్తోంది. సూక్తులు చెప్పే ఆస్థాన జ్ఞాని ఆ పూట పలక మీద రాసుకొచ్చిన కొత్తదొకటి వినిపించాడు. “రాజు మనసు పంటకాలువ. మడవ తిప్పే చెయ్యి వేరే ఉంది.”

రాజుకు ఒళ్లు మండింది. “ఎవడు వాడు?”

జ్ఞాని పైకి చూపించాడు. రాజు చూశాడు. మిద్దె మీద పావురం తప్ప ఎవరూ లేరు.

“నన్నెవడూ తిప్పలేడు. పోయి ఆ కాలువలోనే కూర్చుంటా. కదిలించమనండి చూద్దాం.”

ముసలివాడికి ప్రాణం లేచివచ్చింది. అది మొహంలో కనపడనివ్వకుండా వంగి దండం పెట్టాడు.

“ఎక్కడబడితే అక్కడ కూర్చుంటే ఏలినవారి గొప్పేముంది? నీళ్ల జోరున్న చోటు నేను చూపిస్తాను.”

సరిగ్గా తన మడికి కాస్త దిగువన చూపించాడు. రాజుది నిండు విగ్రహం. పట్టుబట్టలతో సహా దిగి కూర్చునేసరికి కాలువకు బిరడా పెట్టినట్టయింది. నీళ్లు ఆగి, పొంగి, మూసిన మడవ మీదుగా ఉల్లిమడిలోకి పొర్లాయి. సభ మొత్తం గట్టున నిలబడి చప్పట్లు కొట్టింది. ఒక కప్ప కిరీటం ఎక్కింది.

“కదిలానా?”

“గోరంత కూడా లేదు ప్రభూ” అన్నాడు ముసలివాడు. సంతోషంతో అతనికి ఏడుపొచ్చింది.

మధ్యాహ్నానికి మడి నిండింది. ఇంకాసేపైతే ఉల్లి కుళ్లిపోతుంది. ముసలివాడు గొంతు సవరించుకున్నాడు.

“ఇక్కడ గెలిచారు ప్రభూ. ఆ కింది మలుపులో మాత్రం ఇంతవరకూ ఎవరూ నిలవలేదు.”

ఆ మలుపు పక్కనే ఒక వితంతువు దోసపాదులు ఎండుతున్నాయి.

రాజు నీళ్లోడుతూ లేచాడు. “ఎవరూ నిలవలేదా? పద.”

తన సూక్తిని పలక మీంచి చెరపబోతున్న జ్ఞాని ఆగిపోయాడు. రాజు వెళ్తున్న వైపు చూశాడు. ముసలివాడి వైపు చూశాడు.

ముసలివాడు పైకి చూశాడు.