ఎర్ర పూల గిన్నె

అద్దకం మేస్త్రి నాంచారయ్యని ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పడు, పని పురమాయిస్తాడు. కోపమొస్తే మాత్రం అది ఇక పోదు. చేతులు కడగకుండా అచ్చు ముట్టుకున్న బావమరిదితో ఆయనకి ఇరవై రెండేళ్లుగా మాటల్లేవు. అలాంటి మనిషి దగ్గరికి ఝాన్సీ ఏడుపు మొహంతో వెళ్లింది.

బందరు కాలువ పక్కన ఉన్న ఆ అద్దకం సొసైటీలో ఆర్డర్లు చూసుకోవడానికి కంప్యూటర్లో ఒక ఏఐ ఏజెంటును పెట్టారు. దాని చేతికి పన్నెండు టూల్స్, అంటే ఒక్కోటీ ఒక్కో పని చేసిపెట్టే మీటల్లాంటివి, ఇచ్చారు. ఏ టూల్ ఎందుకో రాసిపెట్టడం ఝాన్సీ పని. ఆమె రాసింది చదువుకునే అది ఏది వాడాలో తేల్చుకుంటుంది. ఒకదానికి ఆమె "ఆర్డరు పంపేటప్పుడు వాడాలి" అని రాసి ఊరుకుంది. ఆ టూల్ చేసేదల్లా గోడౌనులో సరుకును కొన్నవాళ్ల పేరు మీద పక్కన పెట్టడమే. లారీ ఎక్కించేది ఇంకో టూల్. ఏజెంటు మొదటిది వాడేసి, అద్దకం తెరలు కొన్న నాటకాల వాళ్లకి "మీ తెరలు పంపించేశాం" అని కబురు పెట్టింది. తెరలు గోడౌను దాటలేదు. వాళ్లు ఉత్త గోడ ముందు నాటకం ఆడుకున్నారు. సోమవారంలోపు ఇది బాగుపడకపోతే ఏజెంటునీ, దానితోపాటు నిన్నూ పంపించేస్తానన్నాడు ప్రెసిడెంటు.

"మేస్త్రిగారూ, పక్కన పెట్టాక లారీ ఎక్కించాలని మా ఆఫీసులో చీపురు పట్టే ఆవిడకి కూడా తెలుసు. లోపం నా రాతలో ఉందా, దాని బుర్రలో ఉందా?"

నాంచారయ్య అచ్చులు ముంచే గిన్నెలు చూపించాడు. "హైదరాబాదు నుంచి కొత్త మనిషి వస్తున్నాడు. స్క్రీన్ ప్రింటింగు చేసినవాడు, మంచి చెయ్యి. వీటి మీద చీటీలు రాసి అంటించు అమ్మాయ్. వాడు పని చేసినన్నాళ్లూ నేను నోరు విప్పను. నువ్వూ విప్పకు."

అద్దకం వాళ్ల ఇంట్లో పుట్టిన పిల్లకి అదెంత పని? "నల్ల గీతలకు", "ఎర్ర పూలకు" అని గుండ్రంగా రాసి అంటించింది.

ఆ కొత్త మనిషి, ఎల్లేశం, వచ్చాడు. అతను నేర్చిన చోట గిన్నెలో ఏ రంగుంటే గుడ్డ మీద అదే పడుతుంది, అంతటితో పని అయిపోతుంది. చీటీ చదివాడు, అచ్చు ముంచాడు, వరసగా అద్దుకుంటూ పోయాడు. లేత గులాబి పువ్వులు పడ్డాయి. ఆరబెట్టాడు. మూడో రోజు పొద్దున్నే అందరితోపాటు జాడించడానికి కాలువకి తీసుకెళ్లాడు.

కాలువంతా పొగమంచు. అవతలి గట్టు లేదు, ఆకాశం లేదు, మోకాళ్ల దాకా నీళ్లలో మనుషులు మాత్రం ఉన్నారు. ఎల్లేశం గుడ్డని నీటి మీద పరిచాడు. పువ్వులు కాసేపు ఊగాయి. తర్వాత ఒక్కొక్కటే రంగు వదులుకుని, ఎవరో పిలిచినట్టు, దిగువకి వెళ్లిపోయాయి. మెట్ల మీద ఝాన్సీ నోరు నొక్కుకుని చూస్తోంది. అది తన కలో, కాలువ కంటున్న కలో ఆమెకి తెలియలేదు.

మధ్యాహ్నానికి ఎల్లేశం ఆ తెల్లగుడ్డని చక్కగా మడతపెట్టి, తయారైన బట్టల మీద ఉంచాడు. "అయిపోయిందమ్మా."

ఝాన్సీకి ఇక ఆగలేదు. "ఏం అయిపోయిందయ్యా? పువ్వులేవీ?"

"నన్నడుగుతవేంది? ఎర్ర పూలకని రాసిండ్రు, ఏసిన. మీ దిక్కు ఎరుపు గింతేనేమో అనుకున్న."

"అది ఎరుపు కాదు, పటిక నీళ్లు! అచ్చు ఎక్కడ పడిందో కంటికి ఆనడానికి చిటికెడు రంగు కలుపుతాం, అంతే. తర్వాత ఎర్ర రంగిచ్చే వేర్ల కాగులో ఉడకబెడితే పటిక ఉన్నచోట ఎరుపు ఎక్కుతుంది. ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు!"

"నేను బస్సు దిగి మూడొద్దులే గదమ్మా."

నాంచారయ్య ఆ గుడ్డ తీసుకెళ్లి కాగులో వేశాడు. ఆవిరి లేచి పాకంతా కమ్మేసింది. ఆయన కర్రతో తిప్పుతుంటే, ఆ తెల్లదనంలోంచి ఎర్ర పువ్వులు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఎల్లేశం నోరు తెరిచేశాడు. ఒక్క పువ్వూ వరస తప్పలేదు. ఝాన్సీ ఆ వరస చూసి, గిన్నె మీది తన చీటీ చూసింది.

తర్వాత ఆఫీసుకెళ్లి రాసింది: "ఈ టూల్ సరుకును పక్కన పెడుతుంది, పంపదు. దీని తర్వాత లారీ టూల్ వాడాలి. లారీ రసీదు నంబరు వచ్చేదాకా, పంపామని ఎవరికీ చెప్పకూడదు." మిగతా పదకొండూ అలాగే తిరగరాసింది. సోమవారం ప్రెసిడెంటే కొన్నవాడిలా అడిగి చూశాడు. "మీ సరుకు పక్కన పెట్టాం, ఇంకా లారీ ఎక్కలేదు" అంది ఏజెంటు. ఆయన గడ్డం గోక్కుని, "సరే, ఇద్దరూ ఉండండి" అన్నాడు.

ఝాన్సీ తను రాసిన కాగితం పట్టుకుని పాకలోకి పరిగెత్తింది. మేస్త్రికి వినిపించబోతే ఆయన చెయ్యి అడ్డంపెట్టి, అచ్చు కడుక్కుంటున్న ఎల్లేశాన్ని చూపించాడు. ఆమె అతనికే చదివింది. ఎల్లేశం చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"అంత మంచిగనే ఉన్నదమ్మా. గని ఆ రసీదు నంబరు రానే రాకపోతే ఏం జెయ్యాలె?"

ఝాన్సీ కాగితంలో వెతికింది. ఆ మాట ఎక్కడా లేదు. తర్వాత అతని ఎదురుగా నేల మీద చతికిలబడి, పెన్ను మూత తీసింది.

నాంచారయ్య కాగు కింద మంట సర్దుతూ అన్నాడు. "ఊఁ. ఇప్పుడు కూర్చున్నావు రాయడానికి."