చంద్రకాంత పొద్దువాలాక ఎందుకు పూస్తుంది

ఒకప్పుడు పువ్వులన్నీ పొద్దున్నే పూసేవి. సూర్యుడు తూర్పున తల ఎత్తి "లేవండి" అని ఒక్క కేక వేస్తే చాలు, బంతి, మందారం, గన్నేరు అన్నీ ఒళ్ళు విరుచుకుంటూ విచ్చుకునేవి. చంద్రకాంత కూడా వాటితోపాటే లేచేది. సాయంత్రానికి వాడిపోయి తల వేలాడేసేది. అప్పటి పద్ధతి అదే, ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున ఉప్పు పండించేవాళ్ళ పేట ఒకటి ఉండేది. ఆ నేల ఎంత ఉప్పంటే, అక్కడ గడ్డిపరక కూడా మొలిచేది కాదు. దారి తప్పి వచ్చిన మేకలు నాలుగు దిక్కులా చూసి, మొహం మాడ్చుకుని తిరిగి వెళ్ళిపోయేవి.

ఆ పేటకి కోడలిగా వచ్చింది నూకాలు. ఆమె పుట్టిల్లు రెండు రోజుల నడక దూరంలో, కొండ కింద ఎర్రమట్టి ఊళ్ళో ఉండేది.

ఆ ఇంట్లో కుండ పగిలితే ఎవరూ ఎవరినీ తిట్టేవారు కాదు. "పోన్లే, మొక్కకి పనికొస్తాది" అనేది నూకాలు తల్లి. మూతి విరిగిన కూజా, బీట తీసిన బాన, అడుగు చిల్లిపడిన తొట్టి, అన్నీ వాకిట్లో గోడ వారగా వరస కట్టేవి. చలి తగ్గి గాలి కొంచెం వెచ్చబడగానే తల్లి గూట్లోంచి గింజల మూట తీసేది. ఇంటిల్లిపాదీ చేతులకి మట్టి పూసుకుని కూర్చునేవాళ్ళు. నూకాలు చిన్నపిల్ల కదా, ఆమెకి నాటే పని ఇచ్చేవాళ్ళు కాదు. పక్కన కూర్చుని తడిమట్టి వాసన పీల్చడమే ఆమె పని. ఆ పని మాత్రం ఆమె చాలా శ్రద్ధగా చేసేది.

రెండు నెలలు తిరిగేసరికి వాకిలంతా చంద్రకాంతలే. ఒక కొమ్మకి గులాబీరంగు, ఇంకో కొమ్మకి పసుపు, మరో కొమ్మకి రెండూ కలిసిన చారలు. తల్లి పొద్దున్నే ఆ పూలు కోసి, దారం లేకుండా వాటి కాడలతోనే జడలా అల్లి, నూకాలు తలలో పెట్టేది.

పెళ్ళయ్యాక ఆ వాకిలి ఎక్కడో ఉండిపోయింది. ఏటేటా వసంతం వచ్చినప్పుడల్లా నూకాలుకి చేతులు ఊరికే ఉండేవి కావు. తవ్వడానికి మట్టి లేదు, నాటడానికి గింజ లేదు. చుట్టూ తెల్లటి ఉప్పు. పోయిన వానల్లో తల్లి కూడా కన్నుమూసింది. ఆ తరవాత ఆమెకి పుట్టింటి మీద బెంగ మరీ ఎక్కువైంది.

అన్న సన్యాసి చూడటానికి వచ్చినప్పుడు అడిగాడు. "ఈసారొచ్చినప్పుడు నీకేటి తెమ్మంటావే అమ్మీ? కోకా, అరిసెలా?"

"మన వాకిట్లో మట్టి తే అన్నా. అమ్మ ఏసిన చంద్రకాంత గింజలుంటే అవీ తే" అంది నూకాలు.

"మట్టా? దారిలో నలుగురూ నవ్వుతారే."

"నవ్వనీ" అంది నూకాలు.

చలి తగ్గుతుండగా సన్యాసి కావడి మోసుకుంటూ వచ్చాడు. కావడికి ఒకపక్క గంపెడు ఎర్రమట్టి. రెండోపక్కా గంపెడు ఎర్రమట్టే, కావడి ఒరగకూడదు కదా. తువ్వాలు కొంగు విప్పి నాలుగే నాలుగు గింజలు ఆమె చేతిలో పెట్టాడు. మిరియాల్లా నల్లగా, ముడతలు పడి ఉన్నాయి.

"అమ్మ పోయినకాడ్నుంచీ మొక్కల్ని సూసినోళ్ళు నేరు. అన్నీ ఎండిపోనాయి. ఈ నాలుగే దొరికాయి" అన్నాడు. నూకాలు ఆ గింజల్ని చాలాసేపు గుప్పిట్లోనే పెట్టుకుంది.

అమ్మ చెట్టు గింజలు కదా, వాటికి పగిలిన కుండేమిటి అనుకుంది. ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా కొత్త కుండ తీసింది. చుక్క నీరు కారని కుండ. అందులో ఎర్రమట్టి పోసింది. ఇక అయిదేళ్ళుగా ఉప్పుమడిలో నేర్చిన పని అంతా చేసింది. ఉప్పుమడిలో అయితే నేలని కాళ్ళతో తొక్కి తొక్కి రాయిలా చెయ్యాలి. నీరు ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా గట్టు కట్టాలి. ఆమె కూడా కుండలో మట్టిని పిడికిలితో గుద్ది గుద్ది గట్టి చేసింది. మూడు గింజలు దూర్చి, పైన నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు నిలబెట్టింది. నాలుగో గింజని ఎందుకో కొంగుకి ముడేసుకుంది.

ఎనిమిది రోజులు చూసింది. పది రోజులు చూసింది. కుండలోంచి వాసన వచ్చింది గానీ మొలక రాలేదు. తవ్వి చూస్తే మూడు గింజలూ కుళ్ళి, వేళ్ళ మధ్య నలిగిపోయాయి. నూకాలుకి ఏడుపు ముంచుకొచ్చింది. గుమ్మంలో కూర్చుని కొంగు ముడి విప్పి, మిగిలిన ఒక్క గింజకేసి చూసింది.

"అమ్మాయీ, నేను ఉప్పుని కాను" అంది గింజ.

నూకాలు ఉలిక్కిపడింది.

"ఉప్పుకి నీళ్ళు నిలబడాలి. నాకు నీళ్ళు వచ్చి వెళ్ళిపోవాలి. ఉప్పుకి నేల రాయిలా ఉండాలి. నాకు వేలు పెడితే దిగిపోవాలి. నీ పని నువ్వు బాగానే చేశావు, కానీ అది నా పని కాదు" అంది గింజ.

అప్పుడు నూకాలుకి అర్థమైంది. తల్లి వాడిన కుండలన్నీ ఎక్కడో ఒకచోట పగిలినవే. ఆ పగుళ్ళలోంచే నీళ్ళు బయటికి పోయేవి.

ఆమె మేకూ, రాయీ తీసుకుని కొత్త కుండ బోర్లించింది. అత్త పైడమ్మ అది చూసి బుగ్గలు నొక్కుకుంది. పైడమ్మకి చూపు కొంచెం మందగించింది గానీ నోటికి మాత్రం ఏ లోటూ లేదు.

"మంచి కుండకి బొక్కెట్టే కోడల్ని నానెక్కడా సూడనేదు" అంది.

"ఇది నీళ్ళ కుండ కాదత్తా. మొక్క కుండ" అంది నూకాలు.

చిల్లి మీద పెంకు ముక్క వేసింది. మట్టిని వేళ్ళతో పొడిపొడిగా చేసి, పిడకల పొడి, గుప్పెడు బూడిద కలిపింది. వేలితో చిన్న గుంట చేసి గింజని పడుకోబెట్టింది. తడిమట్టి వాసన గుప్పుమంది. ఒక్క క్షణం నూకాలు ఎక్కడ ఉందో మర్చిపోయింది. పక్కనే అమ్మ కూర్చుని ఉన్నట్టు, మోచేయి మోచేతికి తగిలినట్టు అనిపించింది. ఆ సంతోషం ఎంతంటే, ఆ పూట అత్త ఎన్ని మాటలన్నా ఆమెకి ఒక్కటీ వినపడలేదు.

ఆరోరోజున మట్టి పగిలి, రెండు ఆకులు బయటికి వచ్చాయి.

పేటంతా చూడటానికి వచ్చింది. ఆ చుట్టుపక్కల ఆకుపచ్చటిది అదొక్కటే మరి. పిల్లలు నేను నీళ్ళు పోస్తానంటే నేను పోస్తానని దెబ్బలాడుకున్నారు. ఒక ముసలాయన రోజూ వచ్చి, కాసేపు చూసి వెళ్ళేవాడు. అక్కడ మంచినీళ్ళు మైలు దూరం నుంచి మోసుకురావాలి. అందుకని నూకాలు బియ్యం కడిగిన నీళ్ళు మొక్కకి పోసేది. పైడమ్మ కూడా కోడలు చూడనప్పుడు తను తాగే నీళ్ళలో సగం మొక్కకి పోసి, ఏమీ ఎరగనట్టు కూర్చునేది.

వేసవి వచ్చేసరికి మొక్క కుండ నిండా గుబురుగా అయి, మొగ్గ తొడిగింది. ఆ కాలంలోనే ఉప్పు పని ఊపిరి సలపనివ్వదు. చుక్కలు ఉండగానే నూకాలూ, ఆమె మొగుడూ మడికి వెళ్ళేవాళ్ళు. పొద్దు వాలాక వచ్చేవాళ్ళు. ఒక్కరోజు మానేస్తే, ఆ రోజే మబ్బు పట్టి వాన కురిస్తే, నెలంతా పడ్డ కష్టం నీళ్ళయిపోతుంది. మానడానికి లేదు.

పువ్వేమో సూర్యుడు లేచాక పూసేది. నూకాలు వచ్చేసరికి వాడిపోయేది.

"ఈయేళ ఏ రంగు పూసిందత్తా?" అని అడిగేది నూకాలు.

"నా కళ్ళకేటి తెలుస్తాదే. ఏదో ఎర్రగా ఉంది" అనేది పైడమ్మ.

రోజూ ఇదే మాట. నూకాలు కుండ పక్కన కూలబడి, వాడిన పువ్వుని చేతిలోకి తీసుకునేది. పుట్టింటి వాకిలి గురించి, అమ్మ అల్లిన పూలజడ గురించి మొక్కకి చెప్పుకునేది. "నాలుగు రోజులు పోతే వానలొచ్చి పూలన్నీ రాలిపోతాయి. ఒక్కపాలి విచ్చుకున్న పువ్వుని కళ్ళారా సూడాలనుంది. అమ్మ మొహం మర్చిపోతానేమోనని బయంగా ఉంది" అంది ఒక సాయంత్రం.

చంద్రకాంతకి ఆ మాట గుచ్చుకుంది.

మర్నాడు సూర్యుడు తల ఎత్తి "లేవండి" అన్నాడు. పువ్వులన్నీ లేచాయి. చంద్రకాంత లేవలేదు. రేకులు గట్టిగా మూసుకుని కూర్చుంది.

"ఏమే, చెవులు పనిచెయ్యడం లేదా?" అన్నాడు సూర్యుడు.

"పనిచేస్తున్నాయి. కానీ నన్ను నాటిన మనిషి ఇంట్లో లేదు. ఆమె వచ్చాక పూస్తాను" అంది చంద్రకాంత.

సూర్యుడి మొహం ఎర్రబడింది. "నేను వచ్చినప్పుడు పూయాలి. ఎవరో వచ్చినప్పుడు కాదు."

"ఆమె ఎవరో కాదు. పగలంతా నీ ఎండలోనే నిలబడి నీ పనే చేస్తోంది. నిన్ను విడిచి ఒక్కపూట కూడా ఇంటికి రాదు. తీరా ఆమె ఇంటికొచ్చే వేళకి నువ్వు వెళ్ళిపోతావు. నేనూ వాడిపోతే ఎలా, నువ్వే చెప్పు" అంది చంద్రకాంత.

సూర్యుడికి వెంటనే జవాబు దొరకలేదు. పెద్దవాళ్ళకి జవాబు దొరక్కపోతే ఏం చేస్తారో మీకు తెలుసు కదా. గొంతు పెంచాడు. "అయితే సాయంత్రం దాకా మొగ్గగానే ఉండు చూస్తాను. నా ఎండకి ఓర్చుకోలేక మాడిపోతే నన్ననకు. తేనెటీగలు రావు, గింజ కట్టదు, నీ వంశం ఇక్కడితో సరి."

"సరే" అంది చంద్రకాంత.

ఆ రోజు ఎండ నిప్పులు చెరిగింది. తేనెటీగలు వచ్చి, మొగ్గ చుట్టూ తిరిగి, విసుక్కుని వెళ్ళిపోయాయి. గాలి వచ్చి "కొంచెం విచ్చుకో, చల్లగా ఉంటుంది" అని బుజ్జగించింది. చంద్రకాంత పళ్ళ బిగువున ఓర్చుకుంది. ఆకులు వేలాడిపోయాయి గానీ మొగ్గ విడలేదు.

పైడమ్మ వచ్చి మొగ్గని వేళ్ళతో తడిమి చూసింది. "అయ్యో, ఇది సచ్చిపోతే కోడలికి నానేటి సెప్పను?" అనుకుంది. తడిగుడ్డ తెచ్చి కుండకి చుట్టింది. తాటాకు విసనకర్ర తెచ్చుకుని, ఎండలోనే కూర్చుని పొద్దు వాలేదాకా మొక్కకి విసిరింది.

నూకాలు వచ్చింది. చేతులు ఉప్పుకి పగిలి ఉన్నాయి. కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్న ఆమెని చూసి పైడమ్మ లేచి నిలబడింది.

"ఓలమ్మీ, నానేటీ సెయ్నేదు. పొద్దుట్నుంచీ మొగ్గ ఇప్పనేదు" అంది.

నూకాలు కుండ ముందు కూర్చుంది. ఆమె వచ్చిన అలికిడికి చంద్రకాంత పట్టు సడలించింది. ఒక్కొక్క రేకే మెల్లగా విడింది. గులాబీరంగు మీద పసుపు చారలు. పగలంతా దాచుకున్న వాసన ఒక్కసారిగా బయటికి వచ్చింది. పక్కన ఇంకో మొగ్గ విచ్చింది. ఆ పక్కన మరొకటి.

నూకాలు చూస్తూనే ఉంది. తల్లి మొహం, నుదుటి మీద చెమట, పెదవి మీద పుట్టుమచ్చ, అన్నీ ఆమెకి స్పష్టంగా గుర్తొచ్చాయి. "అమ్మే" అంది మెల్లగా. తరవాత అత్త భుజం మీద తల పెట్టి ఏడ్చింది. పైడమ్మ కోడలి తల నిమురుతూ కూర్చుంది.

పడమట సముద్రం లేదు ఆ పేటకి, తాటితోపు ఉంది. ఆ తోపు వెనక్కి దిగిపోతున్న సూర్యుడు ఇదంతా చూశాడు. ఇన్నేళ్ళూ తను వెళ్ళిపోయాక ఇళ్ళల్లో ఏం జరుగుతుందో ఆయనకి తెలియదు పాపం. "సరేలేవే. రేపట్నుంచి నా కేకకి నువ్వు లేవక్కర్లేదు" అనేసి, ఎవరూ తన మొహం చూడకుండా గబగబా దిగిపోయాడు.

కాసేపటికి బూడిదరంగు రెక్కల పురుగు ఒకటి ఎగురుతూ వచ్చింది. "పగటి తేనె అంతా తేనెటీగలే తాగేస్తాయి. మాకు తలుపు తీసినవాళ్ళు ఇన్నాళ్ళకి ఒకరు కనిపించారు" అంటూ పొడుగాటి తొండం పువ్వులోకి దించింది. ఆ పురుగు పుణ్యమా అని చంద్రకాంత గింజ కట్టింది. వానలు తగ్గేసరికి, మిగిలిన ఎర్రమట్టి తలా కాస్త పంచుకోగా, పేటలో ప్రతి గుడిసె ముందూ ఒక చిల్లికుండ వెలిసింది.

అప్పటినుంచే చంద్రకాంత పొద్దు వాలాక పూస్తుంది. కుండలో వేసినా, పాత బకెట్లో వేసినా, డాబా మీద రంగుడబ్బాలో వేసినా అంతే. పగలంతా మొగ్గ బిగపట్టుకుని ఉంటుంది. ఇంటివాళ్ళు పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునే వేళకి విచ్చుకుంటుంది. రాత్రంతా మేలుకుని ఉండి, మర్నాడు వాళ్ళు గడప దాటి వెళ్ళేదాకా చూసి, అప్పుడు కళ్ళు మూసుకుంటుంది.