వాగొడ్డు బుచ్చవ్వ

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలల్లో ఊగుతున్న కాలంలో, ఒక ఇసుక వాగు ఉండేది. వాగు ఒడ్డున ఒక గుడిసె. గుడిసెలో బుచ్చవ్వ అనే ముసలమ్మ. తుంగ కోసుకొచ్చి చాపలు అల్లుకుని బతికేది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కూతురు కనకవ్వను వాగు అవతలి ఊరికి ఇచ్చింది.

ఆ వాగు మహా టక్కరిది. పైన కొండల్లో నాలుగు చినుకులు పడితే చాలు, అడుగున ఇసుక కదిలిపోయేది. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ మనిషి మునిగేంత గుంట. అందుకని దాటే ప్రతిసారీ కర్రతో పొడిచి చూసుకుంటూ దాటాలి. అంతే. అదేం బ్రహ్మవిద్య కాదు.

కానీ బుచ్చవ్వ తుంగ కోసం రోజూ వాగులో దిగేది. ఆమెను ఒక మాట అడిగితే పోయేదేముంది అనుకున్నారు జనం. ఒకరు అడిగారు. చూసి ఇంకొకరు అడిగారు. చివరికి రెండూళ్ల వాళ్లూ ఆమెను అడగందే కాలు తడుపుకోవడం మానేశారు. మొదట్లో ఆమెకూ అది ముద్దుగానే ఉండేది, ఇంతమందికి నేనే దిక్కు గదా అని. ఆ ముద్దు ఎన్నాళ్లుంటుంది?

గాజులమ్మే సాంబయ్య వచ్చేవాడు.

"అవ్వా, అవ్వా, దారెక్కడ?"

"కర్ర నీ చేతిల్నే ఉంది గద బిడ్డా. పొడిచి చూసుకో."

"నువ్వుండంగ నాకెందుకవ్వా?"

"ఓరి దేవుడా" అనుకుంటూ అల్లుతున్న చాప వదిలి లేచేది. కొంగు నడుముకు బిగించి వాగులో దిగి, కర్రతో పొడుస్తూ, లోతు చెబుతూ దాటించేది.

గొర్రెలు కాసే ఓదెలు వచ్చేవాడు. "అవ్వా, అవ్వా, దారెక్కడ?" పొడిచి చూసుకోమనేది. నువ్వుండంగ నాకెందుకనేవాడు. "ఓరి దేవుడా" అనుకుంటూ తాగుతున్న గంజి పక్కన పెట్టి లేచేది.

కుండలు చేసే మొండయ్య వచ్చేవాడు. అతనూ అదే అడిగేవాడు. ఆమె అప్పుడే నడుం వాల్చి ఉండేది. మళ్లీ "ఓరి దేవుడా". మళ్లీ లేచేది.

"నా ఎంబడి దిగురా, నేర్పిస్త" అనేది. "రేపు నేర్చుకుంటలే అవ్వా" అనేవాళ్లు ముగ్గురూ. ఆ రేపు వచ్చిన పాపాన పోలేదు. ఒళ్లు అలిసింది సరే, అంతకన్నా ఆమె చెవులు అలిసిపోయాయి. కలలో కూడా ఎవరో ఒకరు ఒడ్డు మీద నిలబడి అవ్వా అని పిలుస్తూనే ఉండేవారు.

ఇట్లా ఉండగా ఒక వానాకాలం బుచ్చవ్వకు జ్వరం తగిలింది. మంచం దిగలేదు. ముసురు ఆగలేదు. ఇక బతకనని ఆమెకే తెలిసింది. దారి అడగడానికి వచ్చిన ముగ్గురినీ లోపలికి పిలిచింది.

"నా బిడ్డను ఒక్కసారి చూసి పోత. నన్ను అవతలికి మోస్తరా?"

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒకరిని అడగడం అదే మొదలు. కాదని ఎట్లా అంటారు? దుప్పటిని వాసానికి కట్టి డోలీ చేశారు. ఆమెను అందులో పడుకోబెట్టి ఒడ్డుకు తెచ్చారు. నీళ్ల అంచున డోలీ దించి ఆగారు. ఆగి, ముగ్గురూ డోలీ లోకి వంగారు.

"అవ్వా, అవ్వా, దారెక్కడ?"

"నాకు తెల్వదు కొడుకా. జరమొచ్చిన కాన్నుంచి వాగుల దిగలే."

వాళ్లు నమ్మలేదు. "కోపం మనసుల పెట్టుకోకవ్వా. చెప్పు" అన్నాడు ఓదెలు.

"నా బిడ్డను చూడాలన్నది నేను. తెలిస్తే దాస్తనారా?"

ఆమెకు నిజంగానే తెలియదని అప్పుడు వాళ్లకు అర్థమైంది. పోయినసారి తుమ్మచెట్టుకు ఎదురుగా చూపించింది గదా అని సాంబయ్య గుడ్డిగా దిగాడు. మెడదాకా మునిగి, దగ్గుతూ వెనక్కొచ్చాడు. నా గొర్రెలు ఇటే దాటేవని ఓదెలు ఇంకోచోట దిగాడు. ఛాతీ దాకా కూరుకుపోతే లాగాల్సి వచ్చింది. కొండల మీద మబ్బు నల్లబడుతోంది. డోలీలో బుచ్చవ్వకు ఎగశ్వాస మొదలైంది. అడగడానికి లోకంలో ఇంకెవరూ లేరు.

"మీరు మోయుండ్రి. నేను పొడుస్త" అన్నాడు మొండయ్య.

కర్ర అందుకుని ముందు దిగాడు. పొడిచాడు. "మోకాలు" అన్నాడు. ఒక అడుగు వేశాడు. మళ్లీ పొడిచాడు. "మోకాలు." మళ్లీ. "నడుము. ఆగుండ్రి, ఆగుండ్రి. ఇటు పొడుస్త. మోకాలు!"

బుచ్చవ్వ కళ్లు మూసుకుని వింటోంది. ఇన్నేళ్లూ ఆ మాట ఆమె నోటి నుంచే వచ్చేది. ఇప్పుడు వేరే గొంతులో వినబడుతుంటే వింతగా ఉంది, హాయిగా ఉంది. నడిమధ్యలో మొండయ్య ఆగిపోయాడు. అడుగుతాడేమోనని ఆమె చెవి అటే పెట్టింది. అడగలేదు. అటు పొడిచాడు, ఇటు పొడిచాడు, కదిలాడు.

డోలీని చూసి ఎవరో చెబితే కనకవ్వ తల విరబోసుకుని అవతలి ఒడ్డుకు పరుగెత్తుకొచ్చింది. తల్లి తలను ఒళ్లో పెట్టుకుంది.

"ఇంత వాగుల దారెవరు చూపిండ్రే అమ్మా?"

"వాళ్లే చూసుకున్నరు బిడ్డా" అంది బుచ్చవ్వ. కూతురి మొహం తనివితీరా చూసుకుంది. "నాకు నిద్రొస్తుంది" అంది. పడుకుంది. ఇక లేవలేదు.

అదీ సంగతి. ఇప్పటికీ ఆ వాగు దగ్గర ఎవరూ ఎవరినీ దారి అడగరు. ఎవరి కర్ర వాళ్లు పొడుచుకుంటారు. నీళ్లలో కాలు పెట్టే ముందు మాత్రం, ఆడా మగా పిల్లా జెల్లా అందరూ ఒక మాట అంటారు. "పడుకో బుచ్చవ్వా, మేం చూసుకుంటం" అంటారు. ఎండాకాలం వాగులో చుక్క నీరు లేకపోయినా ఆ మాట అనే దాటుతారు.

గట్టిగా అనరు. ఆ అలికిడికి పాపం ఎక్కడ లేచి వస్తుందోనని.