దాలమ్మ చుట్ట మానిన వైనం

ముందే చెబుతున్నాను, ఇది ఉన్నదున్నట్టు జరిగింది. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో నిప్పు పడాలి. సముద్రం సాక్షి, పొయ్యి మీద ఉడుకుతున్న ఆ పప్పు సాక్షి.

గుల్లలపేటలో దాలమ్మ కుటుంబమంతటి తెలివైన కుటుంబం ఈ భూమ్మీద లేదు. ఈ మాట ఊరు అనలేదు, వాళ్ళే అనుకున్నారు. వాన వస్తే తడిసిపోతుందని గొడుగుని చొక్కాలో దాచుకుని తెచ్చే బుర్ర పెద్దకొడుకు సింహాచలానిది. దీపం ఆర్పి, ఆరిందో లేదో చూడ్డానికి మళ్ళీ వెలిగించే బుర్ర చిన్నకొడుకు పోలయ్యది. సింహాచలం పెళ్ళాం గున్నమ్మ, కూరలో ఉప్పు ఎక్కువైతే బావి దగ్గరికి తీసుకెళ్ళి శుభ్రంగా కడిగి వడ్డించేది. ఇలాంటి కొడుకుల్ని కన్నందుకు, ఇలాంటి కోడల్ని తెచ్చుకున్నందుకు దాలమ్మ వీధిలో తల ఎత్తుకు నడిచేది. ఎంత ఎత్తుకంటే, ఎదురుగా గుంట ఉన్నా కనబడేది కాదు.

ఆవిడకి ఉన్నది ఒక్కటే అలవాటు, అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడమన్నమాట. సముద్రం గాలికి చుట్ట ఆరిపోకుండా ఆ పక్క ఆడవాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు. దాలమ్మ ముక్కులోంచి వచ్చే పొగ చూసుకునే వేటకెళ్ళిన పడవలు ఒడ్డు పోల్చుకునేవి.

ఒకరోజు ఎండునెత్తళ్ళ పులుసు నోట్లో పెట్టుకుంటే భగ్గుమంది. కొడుకులూ కోడలూ పట్నం తీసుకెళ్తే, అక్కడ డాక్టరు టార్చి వేసి చూసి, అంగిలి మీద తెల్లమచ్చ ఉందన్నాడు. చుట్ట మానితే తగ్గుతుంది, మానకపోతే కొయ్యాలి, పండగ వెళ్ళాక మళ్ళీ చూస్తానన్నాడు. కోశాక ఏం తినొచ్చు బాబూ అని దాలమ్మ అడిగితే, గంజి, అదీ గొట్టంతో అన్నాడు. చావంటే ఆవిడకి భయం లేదు గాని, నెత్తళ్ళ పులుసు లేని బతుకు ఎలా బతకాలి? మానాలని నిజంగానే అనుకుంది. అనుకుంటూనే చెయ్యి రొంటిన ఉన్న చుట్ట మీదికి పోయింది.

డాక్టరు వాళ్ళని పక్కగదిలో కౌన్సెలింగ్ మేడమ్ దగ్గరికి పంపాడు. చిన్నపిల్ల. కూర్చున్న కుర్చీ విరిగినా మొహం మీద నవ్వు విరగదు. తిట్టకండి, బలవంతం చెయ్యకండి అంది. ఇది చెయ్యి అనకుండా, లాభమేంటో నష్టమేంటో ఆలోచించుకునేలా అడగమంది. ఆవిడ అన్న మాటనే తిరిగి ఆవిడకి వినిపించమంది. చుట్ట నోట్లోంచి తీసినప్పుడల్లా మెచ్చుకోమంది. ఆవిడ చోట మీరుండి చూడండి అంది. అన్నిటికన్నా ముఖ్యం, మానాలన్న మాట ఆవిడ నోట్లోంచే రావాలంది.

ఒక్క ముక్క పొల్లుపోనివ్వమని సింహాచలం మాటిచ్చాడు. మీలాంటి కుటుంబం ఉంటే నా పని సగం అయిపోయినట్టేనంది మేడమ్. ఆ మాటకి నలుగురూ పొంగిపోయారు.

తెల్లారి దాలమ్మ కళ్ళు తెరిచేసరికి మొహం మీద మూడు మొహాలు. పోలయ్య చేతిలో టార్చి, గున్నమ్మ చేతిలో కంచం.

"ఏట్రా ఇది?"

"నోరు తెరు అమ్మా. మాట అందులోంచే వస్తాదంట. వచ్చీ టయానికి మనం సూడకపోతే ఎలాగ?" అన్నాడు సింహాచలం.

నిజమే కదా అనుకుని దాలమ్మ నోరు తెరుచుకు కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఈగలు లోపలికి వెళ్ళాయి గాని మాట బయటికి రాలేదు. గొంతులో అడ్డుపడిందేమోనని వీపు మీద నాలుగు గుద్దులు కూడా గుద్దించుకుంది.

ఇంతలో పొయ్యి మీద పులుసు పొంగింది.

"ఓలె గున్నా, పులుసు పొంగిపోతందే."

"పులుసు పొంగిపోతందని నీకనిపిస్తంది అత్తా," అని గున్నమ్మ ప్రేమగా వినిపించింది.

"దించవే."

"దించాలని నీ మనసులో ఉంది," అన్నాడు సింహాచలం, తల ఊపుతూ.

అంతే. పులుసు పొయ్యిలో పడి నిప్పు ఆరింది. పొగకి పిల్లి పారిపోయింది. పిల్లి పోయిన దారినే పక్కింటి మేక వచ్చి బియ్యం బుట్టలో మూతి పెట్టింది. తోలెయ్యండ్రా అని దాలమ్మ మొత్తుకుంది గాని, బలవంతం కూడదు కదా. పోలయ్య మేక ముందు గొంతుక్కూర్చుని, బియ్యం తినడం వల్ల నీకు కనబడుతున్న లాభమేటి, నష్టమేటి అని మర్యాదగా అడిగాడు. మేక ఆలోచించుకుంటూ తింది. బుట్ట ఖాళీ అయ్యాక తల తిప్పుకుని వెళ్ళిపోయింది.

"సూసినారా," అన్నాడు పోలయ్య, "దానంతట అదే మానీసింది."

దాంతో మేడమ్ మాట మీద వాళ్ళకి గురి కుదిరింది. ఇక మెచ్చుకోవడం మొదలెట్టారు. దాలమ్మ నోట్లోంచి చుట్ట తీసిందంటే కంచాలు మోగించేవారు, హారతిచ్చేవారు, నోట్లో బెల్లంముక్క పెట్టేవారు. దాలమ్మా తెలివైందే గనక సంగతి కనిపెట్టింది. తియ్యాలంటే ముందు పెట్టాలి కదా. ఇంకేముంది. పెట్టడం, తియ్యడం, బెల్లం తినడం. పెట్టడం, తియ్యడం, బెల్లం తినడం. ఆ పొగకి గుల్లలపేట కాకులు దగ్గడం నేర్చుకున్నాయి. కొబ్బరికాయ కొడితే లోపల కూడా నల్లగా ఉండేది.

అంగిలి మీద మచ్చ పెరిగింది. పులుసు వాసనకే నోరు మండింది. ఓ సాయంత్రం దాలమ్మ గోడవైపు తిరిగి పడుకుని కళ్ళు తుడుచుకుంది. ఇంత తెలివైన బిడ్డలు ఇంత పాటుపడుతున్నా మానలేకపోతున్నానే, గొట్టం గంజే రాసిపెట్టుందేమోననుకుంది.

అప్పుడు సింహాచలానికి ఒకటి గుర్తొచ్చింది. "ఆవిడ చోట మీరుండి సూడండంది మేడమ్. అదొక్కటీ సెయ్యలేదు మనం."

అంతే. తల్లిని చాపతో సహా అరుగు మీంచి ఎత్తి వాకిట్లో పెట్టారు. ఆవిడ చోటంటే పూర్తిగా ఆవిడ చోటే కదా అని సింహాచలం ఆవిడ కోక కట్టుకుని, ఆవిడ గోడకి ఆనుకుని, ఆవిడ చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకున్నాడు. వాడు పెట్టిన కేకకి రైలొచ్చిందనుకుని ఊళ్ళో నలుగురు సంచులు పట్టుకుని స్టేషనుకి పరిగెత్తారు. తర్వాత గున్నమ్మ, ఆ తర్వాత పోలయ్య. మొదట బొబ్బలెక్కాయి. ఆ తర్వాత రుచి తగిలింది. ఇక అరుగు మీద ఒకళ్ళు లేస్తే ఒకళ్ళు. కొట్టువాడు తెచ్చిన చుట్టలు తెచ్చినట్టే అయిపోయేవి. వాకిట్లోంచి దాలమ్మ ఒక్కటివ్వండ్రా అని బతిమాలితే, "సుట్ట కావాలని నీకనిపిస్తంది" అని ముగ్గురూ ముక్కుల్లోంచి పొగ వదులుతూ వినిపించేవారు. ఇచ్చేవారు కాదు.

పండగ వెళ్ళింది. డాక్టరు చూస్తే దాలమ్మ మచ్చ తేలిపోయింది. కత్తి అక్కర్లేదన్నాడు. మేడమ్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. దాలమ్మని పక్కన నిలబెట్టి ఫోటో తీయించుకుంది. ఎలా మానావమ్మా అని అడిగింది.

"నానేటి మానీసేను తల్లీ. నావన్నీ ఈళ్ళు కాల్చీసేరు."

కుటుంబ సహకారం అంటే ఇదేనంది మేడమ్, ఆ మాట సరిగ్గా వినకుండానే. వాళ్ళనీ ఫోటోకి రమ్మని, నవ్వమంది. ముగ్గురూ నోళ్ళు తెరిచారు. మూడు అంగిళ్ళ మీదా మూడు తెల్లమచ్చలు, ఇడ్డెన్లంత. మేడమ్ నవ్వు అలాగే ఉంది గాని కళ్ళు మాత్రం కుర్చీ కోసం వెతుక్కున్నాయి. కూర్చుని, కాసిని నీళ్ళు తాగి, దాలమ్మ చేతులు పట్టుకుంది.

"ఇక వీళ్ళకి మీరే దిక్కమ్మా. మీరెలా మానారో వీళ్ళనీ సరిగ్గా అలాగే మాన్పించండి."

బస్సు దిగేదాకా దాలమ్మ ఆలోచిస్తూనే ఉంది. ఇంటికెళ్ళి నెత్తళ్ళ పులుసు పెట్టింది. కడుపునిండా తింది, నోరు చుర్రుమనలేదు. చెయ్యి కడుక్కుని ముగ్గురినీ అరుగు మీద వరసగా కూర్చోబెట్టింది.

"ఒకలు మానాలంటే ఆలవి ఇంకొకలు కాల్చీయాల. నాకోసం మీరు పడ్డ కష్టం ఇప్పుడు మీకోసం నాను పడతాను," అంది.

అని ముగ్గురి నోళ్ళలోంచీ మూడు చుట్టలూ లాగి, మూడు నిప్పులూ ఒకేసారి తన నోట్లో పెట్టుకుంది. ముక్కులోంచి, చెవుల్లోంచి పొగ. కొడుకులకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. గున్నమ్మ కంచం మోగించింది. పోలయ్య వేళ్ళు ముడిచి లెక్కేశాడు. ఇలా వంతులేసుకుంటే ఏడాది తిరిగేలోగా ఇంట్లో ప్రతివాళ్ళూ ఒకసారి మానేస్తారట. మాన్పించడం ఇంత సుళువని తెలీక లోకమంతా అల్లాడిపోతోందే అని జాలిపడ్డారు.

సరే, నోరు తెరుచుకుని విన్నది చాలు, లే. సందు చివర కొట్లో ఒక అగ్గిపెట్టె పట్రా. దేనికని అడక్కు, మొదట్లో నోట్లో నిప్పని ఒట్టేశాను కదా.