గోల్ ముందు గుమ్మడికాయ

కుళ్ళాయమ్మ మేడమ్ ఏ ప్రశ్నకూ కూర్చున్న చోట జవాబు చెప్పేది కాదు. "చెప్తే తలకాయ ఊపి పోతారు. చేపిస్తే కాళ్లు గుర్తు పెట్టుకుంటాయి" అనేది. రాయలసీమలోని ఒక పట్టణంలో, ఆడపిల్లల కాలేజీలో, వాళ్లకి పరుగెత్తడం నేర్పుతూ ఉద్యోగమంతా గడిపి రిటైరైన మనిషి. అక్కడే ఆమె దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకున్న ఇందుమతి ఈ ఏడు ఆమె కుర్చీలోకే ఫిజికల్ డైరెక్టర్‌గా వచ్చింది.

ఆ ఆదివారం పొద్దున మేడమ్ వరండాలో శెనక్కాయలు ఒలుస్తుంటే ఇందుమతి స్కూటరు దిగి, నమస్కారం కూడా మరిచిపోయి అడిగింది.

"మేడమ్, ఊరంతా ఒక మాటంటూ నేనొక్కదాన్నీ ఇంకో మాటంటే, తప్పు ఎవరిదవుతుంది?"

"కూచో. కాయలు ఒలువు" అంది మేడమ్.

ఒలుస్తూనే చెప్పుకొచ్చింది ఇందుమతి. పోటీలు మొదలై ఎన్నాళ్లో కాలేదు. సొంత గ్రౌండ్‌లోనే జట్టు వరసగా మూడు ఆటలు ఓడింది. ఆ జట్టుకి అభిమానులకేం తక్కువ లేదు. హాస్టల్ పిల్లలు, వంటమనుషులు, లెక్చరర్లు, గ్రౌండ్ చుట్టుపక్కల వీధుల జనం, అందరికీ దిగులే. పక్కనున్న మగపిల్లల కాలేజీ జట్టు కూడా ఓడుతోంది. అక్కడ మాత్రం కోచ్‌కి తెలివి లేదన్నారు, నేల గట్టిగా ఉందన్నారు. ఇక్కడ పిల్లల జడల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. జుట్టు విరబోసుకుని ఆడుతున్నారన్నారు, గట్టిగా అరుస్తున్నారన్నారు. చివరికి అందరి వేళ్లూ గోల్‌కీపర్ రామాంజినమ్మ వైపు తిరిగాయి.

"గోల్ పడ్డాక కూడా నవ్వుతుందండీ ఆ పిల్ల" అన్నాడు ఎకనామిక్స్ చెప్పే ప్రహ్లాదరావు. "రేపు పొయ్యి మీద పాలు పొంగిపోయినా అట్లాగే నవ్వుతూ నిలబడుతుందేమో."

పాలకీ ఫుట్‌బాల్‌కీ ఏం సంబంధమని స్టాఫ్ రూమ్‌లో ఒక్కరూ అడగలేదు. తనూ అడగలేదు. అది గుర్తొచ్చి ఇందుమతి చేతిలో శెనక్కాయ చిట్లింది.

"ప్రాక్టీసులో ఎటు తన్నినా ఆపుతుంది మేడమ్. ఆటలో మాత్రం ఎడమ స్తంభం వైపు బంతి వస్తే కొయ్యబొమ్మలా నిలబడిపోతుంది. గోల్స్ అన్నీ ఆ మూలనుంచే, మొదటి సగంలోనే. ఏమైందే అని అడిగితే, 'ఆడికి కాలు పోదు మేడమ్' అంటుంది. ఎందుకు పోదు అంటే నాలిక్కరుచుకుని నవ్వుతుంది. భయమో, పొగరో, నాకు అంతుపట్టడం లేదు. సాయంత్రం మళ్లీ ఆట ఉంది. తీసెయ్యమని అందరూ అంటున్నారు."

"తీసెయ్."

"తీసేస్తే హాస్టల్ సీటు పోతుంది మేడమ్. అది ఆటల కోటాలో వచ్చిన సీటు. సీటు పోతే శెనగ చేలోకి వెనక్కి. చదువు అక్కడితో సరి."

"ఉంచు."

"ఉంచితే మళ్లీ ఓడతామేమో. ఇంతమందీ తప్పుగా చూస్తుంటారా?"

కుళ్ళాయమ్మ చేట పక్కన పెట్టి, ఒళ్లో పొట్టు దులుపుకుంది. "సాయంత్రం నేనొస్తా" అంది. వచ్చినప్పుడు ఒక సందేహంతో వచ్చిన ఇందుమతి పోయేటప్పుడు రెండు పట్టుకుపోయింది.

సాయంత్రానికి గ్రౌండ్ నిండింది. ఆట మొదలవడానికి ముందు హాస్టల్ వార్డెన్ భారతమ్మ, అలవాటైన ప్రకారం, బూడిద గుమ్మడికాయతో వచ్చింది. మొదటి ఆటకి ఆమె చిన్న కాయ తెచ్చింది. అది ఓడాక కాస్త పెద్దది, రెండోదీ ఓడాక ఇంకా పెద్దది, మూడోదీ ఓడాక ఇదిగో, ఇద్దరు పిల్లలు మోయాల్సిన ఇంత కాయ. పోటీలున్న రోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండే మనిషామె. జట్టులో ఎవరి మోకాలు చెక్కుకుపోయినా పసుపు తెచ్చి అద్దేది ఆమే.

"గోలంటే ఏంది? మన గడపే గదా" అంటుంది భారతమ్మ. "గడప కాడ దిష్టి తియ్యకుంటే లోపలికి ఏమొస్తాదో ఎవరికి తెలుసు?"

కాయ పైన గంటు పెట్టి కుంకుమ నింపి, కర్పూరం వెలిగించి, పిల్లల చుట్టూ మూడుసార్లు తిప్పి, గోల్ ఎడమ స్తంభం పక్కన నేలకేసి కొట్టింది. కుంకుమ కలిసి ఎర్రబడిన గుజ్జు నేలంతా పరుచుకుంది. ముక్కల్ని చూసి అందరూ పక్కనుంచి నడిచారు. దిష్టి తీసిన కాయను తొక్కకూడదు, ముట్టకూడదు, ఊడ్వకూడదు. తొక్కినవాళ్లకి అది చుట్టుకుంటుంది. ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. సగం ఆట అయ్యాక వైపులు మారితే, అవతలి జట్టు గోల్‌కీపర్ వచ్చీ రాగానే ఆ ముక్కల్ని బూటు కాలితో అవతలికి తన్నేసేది. ఆమెకేం, దిష్టి ఆమెది కాదు కదా. ఇందుమతి అదీ చూసింది, మూడు ఆటల్లోనూ. చూసి ఊరుకుంది.

కుళ్ళాయమ్మ మేడమ్ కొంగు బొడ్లో దోపి, బంతి పట్టుకుని మైదానంలోకి నడిచింది. జనం ఈలలు వేశారు.

"ఇందూ, నువ్వు యూనివర్సిటీకి గోల్‌కీపర్‌గా ఆడినదానివేగదా. పో, గోల్లో నిలబడు. ఒక్క బంతి తంతా. ఆపితే నీ ప్రశ్నకి జవాబు నోటితోనే చెప్తా."

ఇందుమతికి నవ్వొచ్చింది. మోకాళ్ల నొప్పుల ముసలామె తన్నే బంతి! వెళ్లి నిలబడింది. పక్కనే రామాంజినమ్మ చేతికి గ్లవ్స్ ఎక్కించుకుంటూ చూస్తోంది.

మేడమ్ తన్నింది. ఎద్దులబండి పోయినంత తీరిగ్గా దొర్లుకుంటూ వచ్చింది బంతి, ఎడమ స్తంభం వైపు. ఇందుమతి ఒక అడుగు వేసింది. రెండో అడుగు పడలేదు. కుంకుమ గుజ్జు అంచున ఆమె కాలు, ఆమెనడగకుండానే, గాల్లో ఆగిపోయింది. బంతి ఆమె ముందునుంచే పోయి, గుజ్జులో ఒక చార గీసి, మెల్లగా వలను తాకింది.



"అయ్యో తల్లీ!" భారతమ్మ గుండె బాదుకుంది. "ఇందుమతి మేడమ్‌కి గూడా దిష్టి తగిలిందే! ఆ కాయ సాల్లేదు. పరిగెత్తండే పిల్లలూ, ఇంకోటి తెండి, పెద్దది!"

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా" అన్నాడు ప్రహ్లాదరావు. ఏం చెప్పాడో అతనికే తెలియాలి.

ఇందుమతి తన కాలి వంక చూసుకుంది. ఎం.పి.యెడ్. చదివిన కాలు. దిష్టి లేదూ గిష్టి లేదూ అని పిల్లలకి పాఠం చెప్పిన మనిషి కాలు. రామాంజినమ్మ వైపు చూసింది. ఆ పిల్ల నాలిక్కరుచుకుని నవ్వుతోంది. అది పొగరుగా ఎలా అనిపించిందో ఇప్పుడు ఎంత ఆలోచించినా తట్టలేదు.

మేడమ్ మెల్లగా దగ్గరికొచ్చింది. "గోల్ పోనిచ్చింది నువ్వు. ఎవర్ని తీసేద్దాం?"

రిఫరీ విజిల్ చేత్తో పట్టుకుని వచ్చాడు. "గోల్లో ఎవరు మేడమ్?"

"రామాంజినమ్మే" అంది ఇందుమతి.

అన్నాక కూడా కదల్లేదు. ఆ గుజ్జును ఎత్తాలి, ఎవరో ఒకరు ఎత్తాలి. అటునుంచి ఇంకో కాయ వస్తోంది. దాని మీద కర్పూరం అప్పుడే వెలిగించారు. మోసుకొస్తున్న భారతమ్మ చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి, ఉపవాసంతో పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆమెను ఆపడం ఎలాగో ఇందుమతికి తెలియలేదు. కోప్పడదామంటే ఎవరి మీద?

"మేడమ్, ఆమె ఏడుపు నిజమే కదా?"

"నిజమేనమ్మా" అంది కుళ్ళాయమ్మ. "అబద్ధమైతే ఆ గుజ్జు ఎప్పుడో ఊడ్చేసేటోళ్లం."