తవిటమ్మ సంతకం

మా శిక్షణ కేంద్రంలో కూర్మయ్య మాస్టారి అలవాటు ఒకటి అందరికీ ఎబ్బెట్టుగా ఉండేది. నలభై ఏళ్ళు చదువు చెప్పిన మనిషి, పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పే మాబోటి వాళ్ళకి ఎలా నేర్పాలో చెప్పే మనిషి, ఏ కాగితం మీదా సంతకం పెట్టేవారు కాదు. హాజరు పట్టీలో కూడా బొటనవేలు సిరాలో అద్ది ముద్ర వేసేవారు. దానికి ముందు గుమస్తా చేత ఆ కాగితాన్ని పైనుంచి కిందదాకా చదివించుకునేవారు. గుమస్తా పళ్ళు నూరుకుంటూ చదివేవాడు. మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం. ముసలాయన చాదస్తం అనుకోవడం మాకు సుఖంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం హైమవతి ఆయన దగ్గరికి ఒక కాగితం తెచ్చింది. మాలో చురుకైన పిల్ల. తన కేంద్రంలో ముప్ఫై ఇద్దరు ఆడవాళ్ళ చేత సంతకాలు చేయించింది. దానికింద మాస్టారు ఒప్పుకున్నట్టు ముద్ర వేస్తే ఆ ఊరి పని ముగిసినట్టు. శనివారం సభ, శాలువా, పై నెల నుంచి ఆమెకి పర్యవేక్షకురాలి ఉద్యోగం. మనలో శాలువాలకి కొదవ ఎప్పుడూ లేదు లెండి.

"మాస్టారూ, వేలిముద్రల వాళ్ళని సంతకాలదాకా తెచ్చాను. ఇక వాళ్ళు ఎవరికీ లొంగకుండా బతకాలంటే ఏ పద్ధతిలో చెప్పమంటారు? మీరేమో అన్నీ వచ్చి కూడా వేలిముద్ర వేస్తారు. అదేమిటో నాకు బోధపడదు" అంది హైమవతి.

మాస్టారు పద్ధతులేవీ చెప్పలేదు. తవిటమ్మ గురించి చెప్పారు.

ఆయన కుర్రతనంలో జీడితోటల ఊళ్ళో పెద్దవాళ్ళ బడి నడిపేవారు. తవిటమ్మ అక్కడి మనిషి. మొగుడు పోయాక ఆవిడకి మిగిలింది ఎకరన్నర జీడితోట. దాని మీద మరిది కన్ను. ఆవిడకి అక్షరం ముక్క రాదు గాని, ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా "సదివి ఇనిపించండి" అనేది. మూడుసార్లు చదివించుకునేది. వేలిముద్ర వేసేవాళ్ళకి చదివి వినిపించి, వినిపించినట్టు చివర ఒక ముక్క రాయడం అక్కడి దస్తావేజు లేఖరుల పద్ధతి. తవిటమ్మ తోటకి ఆ ముక్కే కంచె. మరిది రెండుసార్లు కాగితాలు రాయించుకొచ్చాడు. రెండుసార్లూ పూర్తిగా విని, "నానొల్లను" అని లేచి వచ్చేసింది.

బడిలో చేరిన మొదటిరోజే ఆవిడ మాస్టారిని ఒక మాట అడిగింది. "ఆ సంతకం నానేటి సేసుకుంతాను బాబూ? కాయితం సదవడం నేర్పించు."

ఆయన నవ్వేశారు. ముందు సంతకం, చదవడం తర్వాత అన్నారు. పైవాళ్ళు నలభై రోజులు గడువిచ్చారు. సంతకం వస్తే చదువు వచ్చినట్టే రాసుకోమన్నారు. ఆవిడ చెయ్యి తన చేతిలో పట్టుకుని నాలుగక్షరాలూ దిద్దించారు. నలభయ్యో రోజున సభ జరిగింది. తవిటమ్మని వేదిక ఎక్కించి, అందరి ముందూ సంతకం పెట్టించి, మెళ్ళో దండ వేశారు. మర్నాడు పలకలు మూటకట్టి ఇంకో ఊరికి పంపారు. పలకలతోపాటు మాస్టారిని కూడా.

ఆ తర్వాత మరిది మళ్ళీ వచ్చాడు. ఈసారి మంచి మాటలతో వచ్చాడు. తోటని వదిన పేరుకి మార్పిస్తానని లేఖరి అరుగు మీదికి తీసుకెళ్ళాడు. లేఖరి అలవాటు ప్రకారం, "వేలిముద్రా, సంతకమా?" అని అడిగాడు. తవిటమ్మ తలెత్తి, "సంతకమే" అంది. చదవబోయిన కాగితాన్ని లేఖరి ఆవిడ ముందుకు తోశాడు. "అయితే చదువుకుని పెట్టమ్మా."

చుట్టూ పదిమంది ఉన్నారు. ఊరంతా చూస్తుండగా దండ వేయించుకున్న మనిషి నాకు చదవడం రాదని ఎలా అంటుంది? చదివించమని ఏ నోటితో అడుగుతుంది? కాసేపు ఆ కాగితం వైపు చూసింది. చదివినట్టే తల ఊపింది. పెట్టేసింది. తోట మీద తనకి ఏ హక్కూ లేదని, అంతా మరిదిదేనని అందులో ఉంది.

ఆరు నెలల తర్వాత సంగతి తెలిసి మాస్టారు ఆ ఊరు వెళ్ళారు. తవిటమ్మ తన తోటలోనే కూలికి జీడిపిక్కలు ఏరుతోంది. ఆయన్ని చూసి తిట్టలేదు. ఇంటికి తీసుకెళ్ళి, చూరులోంచి ఆ దస్తావేజు నకలు తీసి చేతికిచ్చి, "సదువు బాబూ" అంది. ఆయన చదివారు. "మల్లీ" అంది. మళ్ళీ చదివారు. మూడోసారి కూడా అయ్యాక ఆయన ముఖంలోకి చూసి అడిగింది.

"సంతకం బాగానే వొచ్చింది గదా బాబూ? అచ్చరం కూడా తప్పు నేదు గదా?"

మాస్టారు హైమవతి వైపు తిరిగారు. "నిజంగానే ఒక్క తప్పు కూడా లేదమ్మా. 'త' దగ్గర నేను చెయ్యి పట్టి రాయించిన వాలు కూడా అలాగే ఉంది" అన్నారు. తవిటమ్మ ఇంట్లో ఆ నకలు చదివిన రోజు నుంచి ఆయన ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

మేము ఎవరి కాళ్ళవైపు వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నాం. ఆవేళ మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

మాస్టారు ఆమె తెచ్చిన కాగితం తీసుకున్నారు. దాని పైన, 'మేము చదవడం, రాయడం నేర్చుకున్నాము, మా ఊరికి ఇక కేంద్రం అవసరం లేదు' అని ముద్దుగా టైపు చేసి ఉంది. కింద ముప్ఫై రెండు సంతకాలు, వరసగా, ఒకే వాలులో.

"పైన ఏం రాసుందని వీళ్ళలో ఎవరైనా అడిగారా?"

"లేదండీ. ఎవరూ అడగలేదు. అందరూ చక్కగా పెట్టేశారు."

మాస్టారు సిరా డబ్బీ మూత పెట్టేశారు.

"తవిటమ్మ కూడా చక్కగానే పెట్టింది."