రాజుగారి కారుకి కొత్త గొట్టం

మస్తాన్ మేస్త్రీని ఏదైనా అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పినట్టు బెజవాడ ఆటోనగర్‌లో ఎవరికీ జ్ఞాపకం లేదు. అడిగినవాడి చేతిలో ఒక పానా పెడతాడు, పని చూపిస్తాడు. ఆ పని ముగిసేసరికి జవాబు అడిగినవాడికే తట్టాలి. తట్టలేదా, మర్నాడు ఇంకో పని. జవాబులు ఊరికే పంచిపెట్టేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు; వాళ్ల మాట విని బాగుపడినవాడు ఒక్కడూ కనపడడు. ఆ పదిమందిలో చేరే ఉద్దేశం మేస్త్రీకి లేదు. ఖాళీ కడుపుతో, దెబ్బలు తింటూ పని నేర్చుకున్న మనిషి. తేరగా వచ్చింది నిలవదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పిచ్చేశ్వరరావు ఆయన శిష్యుడు. శిష్యుడంటే కుర్రవాడనుకునేరు, చెవుల పక్కన నెరిసినవాడు, ఆ షెడ్డులో మేస్త్రీ తర్వాత మేస్త్రీ అంతటివాడు. తాగడు. పెళ్లాం మీద చెయ్యెత్తి ఎరగడు. ఉన్నదల్లా గొంతు. ఇంజన్ల మధ్య పెరిగిన గొంతు, ఇంటికి వెళ్లినా దిగేది కాదు. మొదలుపెట్టాడంటే ఎదుటి మనిషి మాట గొంతులోనే ఉండిపోవాల్సిందే. వానలు మొదలైన రోజుల్లో అతని భార్య నాంచారమ్మ రెండు చీరలు సంచిలో పెట్టుకుని బందరులో అక్క ఇంటికి వెళ్లింది. పోట్లాడలేదు. చెప్పే వెళ్లింది. తిరిగి రాలేదు.

ఆ తర్వాత తెలిసింది అతనికి, ఒంటరితనం ఎలా ఉంటుందో. అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా ఎసరు పెట్టేవాడు. రెండో మనిషి అన్నం పొద్దున్నకి పులిసి వీధికుక్క పాలయ్యేది. తాళం తీసి గడప దాటుతూ "ఏమేవ్!" అని కేకేసేవాడు, ఆ కేక గోడలకు తగిలి తన మొహం మీదే పడేది. పక్కింట్లో టీవీ ఆగిపోయాక తన ఊపిరి తనకే వినపడి, లేచి కూర్చుని ఫ్యానుతో మాట్లాడేవాడు. మనిషి లేని ఇల్లు మనిషిని నమిలేస్తుంది. పెళ్లాం ఇంట్లో ఉండగా ఆమె ఉనికి పట్టనివాళ్లను మరీ తొందరగా నమిలేస్తుంది. రోజూ అన్నాల వేళ ఆమెకు ఫోను చేసేవాడు. తను పడుతున్న పాట్లన్నీ చెప్పేవాడు, ఆమె తప్పెక్కడుందో చెప్పేవాడు, రావలసిన బస్సేదో కూడా చెప్పేవాడు. అవతల "ఊఁ" అని ఒకటి రెండుసార్లు వినిపించి, ఫోను కట్టయ్యేది.

ఒక ఆదివారం పొద్దున్న వదినగారు ఫోను చేసింది. బందరులో ఆడపిల్లల హాస్టలుకి వంటమనిషి కావాలట, ఉండటానికి గది కూడా ఇస్తారట, నాంచారిని అడిగారట. "ఒప్పుకుందంటే ఇక అక్కడే ఉండిపోతుందయ్యా. తర్వాత నన్నని లాభం లేదు," అంది. పిచ్చేశ్వరరావు తిన్నగా షెడ్డుకి వచ్చాడు. ఆదివారమైనా మేస్త్రీ ఉన్నాడు. ఒక కారు వస్తుందని తలుపు సగం ఎత్తి కూర్చున్నాడు.

"మేస్త్రీ, బతిమాలాను, తిట్టాను, ఒట్లు కూడా పెట్టాను. చెప్పాల్సిందంతా చెప్పాను. ఇంకా ఏం చెబితే ఆవిడ ఇంటికొస్తుంది?"

మేస్త్రీ పానాల పెట్టె ముందుకు జరిపాడు. "రాజుగారు వస్తున్నారు. గుంటలోకి దిగు," అన్నాడు.

రాజుగారంటే కైకలూరు దగ్గర రొయ్యల చెరువులున్న సుభాష్ వర్మ. వచ్చింది ఎర్రటి విదేశీ కారు. నేలకు బెత్తెడు ఎత్తున, పరుగు కోసమే పుట్టినట్టు ఉంది. రెండే సీట్లు. పక్క సీట్లో మనిషికి బదులు, కొత్తగా తెప్పించిన సైలెన్సర్ గొట్టాలు బెల్టు పెట్టుకుని కూర్చున్నాయి.

"కంపెనీవాడిచ్చింది మరీ మర్యాదస్తుడి గొంతు మేస్త్రీ," అన్నాడు రాజుగారు దిగుతూ. "నేనొస్తున్నానని కొల్లేటి కొంగలక్కూడా తెలియాలి."

"కొంగల కంటే ముందు పోలీసులకి తెలుస్తుందండీ."

"పోన్లెండి, వాళ్లైనా పలకరిస్తారు."

"హ్యాండ్‌బ్రేకు వేశారాండీ!" అని కారు కింది గుంటలోంచి పిచ్చేశ్వరరావు అరిచాడు. రాజుగారు అదిరిపడి, "ఓర్నాయనో, బండి స్టార్టయిందనుకున్నాను. మనిషేనా!" అన్నాడు.

పాత గొట్టాలు విప్పడం సులువే అయింది. కొత్తవి తేలిగ్గా, వెండిలా మెరుస్తున్నాయి. వాటిని రబ్బరు కొక్కేలకు వేలాడదీసి, ఇంజను దగ్గరి మొదటి జాయింటులో గాలి పోకుండా పల్చటి రేకు ప్యాకింగు పెట్టి, పిచ్చేశ్వరరావు నట్లు ఎక్కించాడు. చేతులు కారు కింద ఉన్నాయి గానీ మనసు బందరులో ఉంది. ఎందుకు రాదు, ఎందుకు రాదనుకుంటూ ఒక్కో తిప్పుకీ ఉన్న బలమంతా పెట్టాడు. ఒకవైపు నట్టు పూర్తిగా బిగించాకే రెండో వైపుకి పోయాడు. మేస్త్రీ పైనుంచి చూశాడు, ఏమీ అనలేదు.

రాజుగారు స్టార్ట్ చేశాడు. ఆదివారపు ఆటోనగర్ ఒక్కసారిగా ఉలిక్కిపడింది. మూసి ఉన్న షెడ్ల రేకు తలుపులు గడగడలాడాయి, కప్పుల మీది పావురాలు గుంపుగా లేచిపోయాయి. రాజుగారి మొహం వెలిగింది. మేస్త్రీ మాత్రం ముక్కు ఎగబీల్చి, "ముందు భాగంలో పొగ వాసనొస్తోంది. గాలి ఎక్కడో పోతోంది," అన్నాడు.

"ఎక్కడ పోతుంది మేస్త్రీ, బిగించింది నేను కదా! రాజుగారూ, ఇంకొంచెం తొక్కండి, తెలిసిపోతుంది!" రాజుగారు తొక్కాడు. ఆ మోతలో తెలియడానికేముంది! పిచ్చేశ్వరరావు గుంటలోకి దిగి నట్లన్నీ మరోసారి బిగించాడు. పైకొచ్చి మళ్లీ తొక్కమన్నాడు. మళ్లీ దిగాడు. వాసన తగ్గలేదు సరికదా, ఎక్కువైంది. లోకమంతా ఇంతే: గాలి ఎక్కడ పోతోందో తెలియనివాడు ఇంకొంచెం తొక్కుతాడు. చివరికి మేస్త్రీ కారు లోపలికి చెయ్యిపెట్టి ఇంజను ఆపేశాడు.

"చల్లారనివ్వండి," అన్నాడు.

ముగ్గురూ కూర్చున్నారు. వేడెక్కిన లోహం ముడుచుకుంటూ టిక్కు టిక్కుమంటోంది. వీధిలో ఒక్క మనిషి లేడు. రాజుగారు డ్రమ్ము మీద కూర్చుని ఫోను తీసి చూసుకున్నాడు. ఎవరూ చేసినట్టు లేదు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఇంత ఖరీదు కారు చూపించడానికి వెంట ఒక్క స్నేహితుడైనా రాలేదేమని పిచ్చేశ్వరరావుకి అప్పుడు తోచింది. అడగబోయి, మేస్త్రీ మొహం చూసి ఊరుకున్నాడు. ఊరుకున్న కొద్దీ చెవుల్లో హోరు పెరిగింది. నిశ్శబ్దం అతనికి జ్వరంలా ఉంది.

కారు చల్లారాక మేస్త్రీ ఒక గోనెసంచి తడిపి, మడతలు పెట్టి అతనికి ఇచ్చాడు. రాజుగారిని ఇంజను స్టార్ట్ చేసి తొక్కకుండా వదిలేయమన్నాడు. శిష్యుడిని వెనక మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మోతంతా బయటికొస్తున్న గొట్టాల చివర్లు చూపించాడు.

"ముందు దీని నోరు మూయి. తర్వాత విను."

పిచ్చేశ్వరరావు రెండు చేతులా తడిగోనె అదిమాడు. ఇంజను ఊపిరి అతని అరచేతుల్ని తోసింది. అతను తిరిగి అదిమాడు. మోత అణిగింది. అప్పుడు, కారు ముందువైపు నుంచి, సన్నగా, ఎవరో పళ్ల మధ్య ఊపిరి పీలుస్తున్నట్టు ఒక బుస వినపడింది. ఇంతసేపూ అది అక్కడే ఉంది. అతను అన్నిటికంటే గట్టిగా బిగించిన మొదటి జాయింటు అది. ఈ షెడ్డులో ఎవరూ వేలు పెట్టి చూపించలేరని అతను ధీమాగా ఉన్న జాయింటు.

మేస్త్రీ వచ్చి గోనె తన చేతుల్లోకి తీసుకున్నాడు. పిచ్చేశ్వరరావు గుంటలోకి దిగి, వేళ్లు తడుపుకుని జాయింటు చుట్టూ దూరంగా తిప్పాడు. ఒకచోట వెచ్చటి గాలి తగిలింది. ఇంజను ఆపించి విప్పి చూస్తే, ప్యాకింగు ఒకవైపు నలిగి, పెదవిలా చీలి ఉంది. మొదట బిగించినప్పుడు నలిగింది, తర్వాత బిగించినప్పుడల్లా చీలింది. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. కొత్త ప్యాకింగు పెట్టి, ఈసారి ఇటొక చుట్టు అటొక చుట్టు, రెండువైపులా సమంగా బిగించాడు. మళ్లీ గోనె పట్టారు. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోబోయింది. బుస లేదు.

రాజుగారు ఒక్కడే వెళ్లిపోయాడు. ఆ మోత పెద్ద రోడ్డెక్కి, బెంజి సర్కిలు దాకా వినపడి, ఆ తర్వాత లేకుండా పోయింది. అది పోయాక వీధి ముందుకన్నా బోసిగా ఉంది.

పిచ్చేశ్వరరావు తన ప్రశ్న మళ్లీ అడగలేదు. చేతులు కడుక్కుని, బల్ల మీద కూర్చుని ఫోను చేశాడు. మేస్త్రీ పక్కనే గోనె పిండి ఆరేస్తున్నాడు.

"నాంచారీ, నేనే," అన్నాడు. అక్కడితో ఆగాడు.

అవతల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడింది. ఫ్యాను కీచుమంటోంది. ఇన్నాళ్లూ ఫోను చేస్తూ ఆ ఇంట్లో ఫ్యానుందని కూడా అతనికి తెలియదు.

"ఏం, ఇంకా మొదలెట్టలేదే?" అంది ఆమె.

అతను పలకలేదు.

"కట్టయిందా?"

"లేదు. ఉన్నాను. చెప్పు."

చాలాసేపటికి ఆమె, "హాస్టలువాళ్లకి మాటిచ్చేశాను. రేపట్నించి వెళ్తున్నా," అంది. పిచ్చేశ్వరరావుకి నన్నడక్కుండానా అన్న కేక గొంతుదాకా వచ్చింది. రెండు చేతులా ఫోను పట్టుకుని, పళ్లు కరుచుకుని, ఆ కేకని మింగాడు. ఫోను కట్టవుతుందనే అనుకున్నాడు. కట్టవలేదు.

"అమ్మ పోయిననాడు," అంది ఆమె, గొంతు వేరుగా ఉంది. "వచ్చిన ప్రతివాళ్లకీ ఎలా పోయిందో నువ్వే చెప్పావు. నా పక్కన కూచున్నవాళ్లకి కూడా గుమ్మంలోంచి నువ్వే చెప్పావు. ఆఖర్న తల ఒళ్లో పెట్టుకుంది నేను. నోట్లో నీళ్లు పోసింది నేను. నన్ను ఒక్కళ్లూ అడగలేదు. నువ్వు అడగనివ్వలేదు."

అత్తగారి చావుకి పాడె దగ్గర్నుంచి భోజనాల దాకా అన్నీ తన భుజాన వేసుకుని నడిపించాడు పిచ్చేశ్వరరావు. అల్లుడంటే వాడురా అని ఊరంతా అంది. తన సంసారంలో తను తలెత్తుకుని చెప్పుకోగలిగిన రోజు ఏదంటే ఆ రోజే. దాని గురించే ఆమె చెబుతోంది. చెబుతూ చెబుతూ ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ పోయినప్పుడు ఏడవవలసిన ఏడుపు అది, ఇప్పుడు వస్తోంది.

అతను ఫోను మీద అరచెయ్యి మూసి మేస్త్రీ వైపు తిరిగాడు. అంత చిన్న గొంతుతో అతను మాట్లాడగలడని మేస్త్రీకి ఆ రోజు దాకా తెలియదు.

"ఏడుస్తోంది మేస్త్రీ. ఏమనమంటారు?"

"ఏమీ అనకురా," అన్నాడు మేస్త్రీ. "ఇన్నాళ్లకి సందు దొరికింది ఆవిడకి."